దయచేసి ఆ తలుపు పగలగొట్టకండి

సమస్య కనపడగానే పరిష్కరించేయడం చాలా చెడ్డ అలవాటు! పాఠకులకి కోపం వచ్చినా సరే, ఈ మాట ఎవరో ఒకరు అనాలి కాబట్టి నేనే అంటున్నాను.

మీ ఇంట్లో కొళాయి కారుతోందనుకోండి. మీరేం చేస్తారు? ప్లంబర్‌ని పిలుస్తారు. అతను వచ్చి వాషర్ మార్చి వెళ్ళిపోతాడు. కారడం ఆగిపోతుంది. ఆ తర్వాత మీకేం మిగిలింది? అదే కొళాయి మీద ఒక గ్రాంట్ ప్రపోజల్ రాసి ఉంటే మీ వంటింటికి ఒక విజన్ ఏర్పడేది. పక్కింటి కొళాయితో భాగస్వామ్యం కుదిరేది. కొళాయి కారుతూనే ఉండేదనుకోండి. కానీ ఎంత అర్థవంతంగా కారేది!

ఈ జ్ఞానం నాకు పుట్టుకతో రాలేదు. ఒక ఇరుకు తలుపు దగ్గర వచ్చింది.

మా అక్క స్పీచ్ థెరపిస్టు. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళకి మళ్ళీ మాటలు నేర్పుతుంది. పుస్తకాల బైండింగ్ షాపు వెనకున్న గది ఒకటి అద్దెకి తీసుకుంది. గదిలో ఒక పొడవాటి బల్ల, చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు, గోడ నిండా గిన్నె, గొడుగు, కుక్క, కుర్చీ బొమ్మలు. ఒకప్పుడు ఆఫీసుల్ని గడగడలాడించినవాళ్ళు ఆ బల్ల చుట్టూ కూర్చుని 'గొ... గొ...' అంటూ గొడుగు కోసం కుస్తీ పడుతుంటారు. ఎవరికైనా మాట వస్తే మిగతావాళ్ళంతా బల్ల చరుస్తారు. చప్పట్లు కొట్టడానికి చాలామందికి రెండో చెయ్యి లేవదు మరి.

ఆ బల్ల దగ్గర కూర్చోవలసిన మనిషి మా బాబాయ్. ఆయన బస్టాండులో అనౌన్సరుగా పనిచేశాడు. ఇంట్లో మంచినీళ్ళు అడిగినా మూడో ప్లాట్‌ఫారం వాళ్ళందరికీ వినిపించేలా అడిగేవాడు. రిటైరయ్యాక కాస్త తీరిగ్గా కబుర్లు చెప్పుకుందాం అనుకుంటుండగా పక్షవాతం వచ్చింది. అన్ని ఊళ్ళ పేర్లూ, అన్ని బస్సుల వేళలూ పోయాయి. ఆయన దగ్గర రెండు మాటలు మిగిలాయి. ఒకటి 'ఊఁ', రెండోది 'కాదు'.

బాబాయ్‌ది భారీ విగ్రహం. ఆయన చక్రాల కుర్చీ కూడా ఆయనకి తగ్గట్టే ఉంటుంది. గది తలుపు దానికంటే నాలుగు వేళ్ళు ఇరుకు. ఒకసారి అందరం కలిసి ఆయన్ని కుర్చీలోంచి ఎత్తి లోపల పెట్టాం. పిన్ని తమ్ముడికి నడుం పట్టేసింది. బాబాయ్ బెదిరిపోయి ఆ పూట నోరే తెరవలేదు. అప్పట్నుంచీ ఆయన్ని బయట నడవాలో, కిటికీ పక్కన కూర్చోబెడుతున్నారు. అక్క కిటికీ చువ్వల్లోంచి గొడుగు బొమ్మ చూపిస్తుంది. ఆయన ఆ బొమ్మ మానేసి లోపల బల్ల కేసి చూస్తూ ఉంటాడు.

'ఈ మొదటి నెలలే ముఖ్యంరా,' అంది అక్క. 'ఇప్పుడు తనలాంటివాళ్ళ మధ్య కూర్చుని నోరు తిప్పితేనే మాటలు వస్తాయి. ఆలస్యమైతే నేను తలకిందులుగా నిలబడ్డా లాభం లేదు. నువ్వు పేపర్లో కాలమ్ రాస్తావు కదా. ఈ తలుపు వెడల్పు చేయించమని ఎవరికైనా కాస్త రాసిపెట్టు.'

'కాస్త' అంది. అక్కడే ఉంది మా అక్క అమాయకత్వమంతా.

పూర్వం సాయం కావాలంటే తెల్ల కాగితం మీద 'అయ్యా, తలుపు ఇరుకుగా ఉంది, వెడల్పు చేయించగలరు' అని రాసి కింద సంతకం పెట్టేవారు. ఎంత దరిద్రపు రాత! అందులో విజన్ ఉందా? ఇంపాక్ట్ ఉందా? కనీసం ఒక గ్రాఫ్ ఉందా?

ఇప్పుడు ఆ బాధ లేదు. చక్రాల కుర్చీల్లో తిరిగేవాళ్ళకి దారులు బాగుచేయడానికి గ్రాంట్లు ఇచ్చే ఫౌండేషన్ ఒకటి దొరికింది. వాళ్ళ వెబ్‌సైట్‌లో ఒక మూల 'ప్రపోజల్ రాసేవారికి ఉపయోగపడే సాధనాలు' అని లింకు కనపడింది. నొక్కాను. ఆ క్షణం నుంచీ నేను మామూలు మనిషిని కాను.

మొదట టెంప్లేట్ దొరికింది. వలస పక్షుల చెరువు కోసం ఎవరో రాసి గ్రాంటు కొట్టేసిన ప్రపోజల్ అది. మనం చేయవలసిందల్లా 'పక్షులు' అన్నచోట 'పేషెంట్లు' అని మార్చుకోవడమే. ఒక్క బటన్! అక్కకి చూపించాను. 'దూర తీరాల నుంచి గుంపులు గుంపులుగా ఎగిరివచ్చే పేషెంట్లు ఈ పరిసరాల్లో గుడ్లు పెట్టి పొదుగుతారు' అని చదివి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

ఆవిడ తృప్తి కోసం గుడ్లు తీసేశాను. గుంపులు గుంపులుగా ఎగిరిరావడం మాత్రం ఉంచాను. మన దగ్గర డిమాండ్ ఉందని వాళ్ళకి తెలియాలా వద్దా?

తర్వాత లాజికల్ ఫ్రేమ్‌వర్క్ అనే గొప్ప వస్తువు. ఏ పని చేస్తే ఏం జరుగుతుందో గడులు గడులుగా చూపించే పట్టిక. తలుపు పెడితే తలుపు వస్తుందనుకునే స్థాయిలోనే ఉన్నారు మీరంతా! తలుపు రావడం అవుట్‌పుట్. దాంట్లోంచి లోపలికి వెళ్ళడం అవుట్‌కమ్. లోపలికి వెళ్ళినవాడు ఇంక బయట లేకపోవడం ఇంపాక్ట్. పక్కనే ప్రమాదాల గడి కూడా ఉంది. 'తలుపు మూసి ఉండవచ్చు' అని రాశాను. నివారణ మార్గం అడిగింది. చాలాసేపు ఆలోచించి 'తెరవడం' అని రాశాను. ఆకుపచ్చ టిక్ వచ్చింది! స్కూల్లో ఏ మాస్టారూ నాకు అంత మనస్ఫూర్తిగా టిక్ పెట్టలేదు.

అన్నిటికంటే నా మనసు దోచుకున్నది సమస్య తీవ్రత మీటరు. మన సమస్యని టైప్ చేస్తే అది ఎంత పెద్దదో రంగులో చెబుతుంది. పచ్చ అంటే ఫరవాలేదు, నారింజ అంటే ఆలోచించవచ్చు, ఎరుపు అంటే గ్రాంటు మీదే. 'తలుపు నాలుగు వేళ్ళు ఇరుకు' అని కొట్టాను. పచ్చ. 'ప్రవేశ అవరోధం' అన్నాను. పచ్చే. 'బహుముఖ ప్రవేశ సంక్షోభం' అన్నాను. నారింజ! అప్పటిదాకా మాది సంక్షోభమని మాకే తెలియదు. సాధనాలు లేకపోతే మనిషికి తన కష్టం విలువ ఎలా తెలుస్తుంది చెప్పండి?

ఇక రాసిపెట్టే సాఫ్ట్‌వేర్ సంగతి. దాని మర్యాదే వేరు! 'తలుపు' అని టైప్ చేస్తే 'ఎంత అద్భుతమైన ఆలోచన!' అంటుంది. మా ఇంట్లో నా ఆలోచన గురించి ఎవరూ అలా అన్న పాపాన పోలేదు. లబ్ధిదారుడి సొంత మాటల్లో ఒక వాంగ్మూలం జతచేయాలన్నారు. బాబాయ్ సొంత మాటలు రెండే కదా, వాటితో పేజీ ఎలా నిండుతుంది? సాఫ్ట్‌వేర్‌ని అడిగాను. కాఫీ కలుపుకొచ్చేలోపు రాసేసింది. న్యాయంగా బాబాయ్‌కి చదివి వినిపించాను కూడా.

'నా అంతరంగ ప్రాంగణంలో మూతపడిన వాక్కు అనే కవాటం ఈ సమ్మిళిత ప్రవేశ ద్వారంతో తెరుచుకోగలదని ప్రగాఢంగా ఆకాంక్షిస్తున్నాను.'

'కాదు,' అన్నాడు బాబాయ్.

ఎంత వినయం!

ఇలా ప్రపోజల్ రోజురోజుకీ పెరిగింది. తలుపు ఒక్కటే అడిగితే చిన్నచూపు చూస్తారని ఇంకో థెరపిస్టుని చేర్చాను. రాలేనివాళ్ళని తీసుకురావడానికి వ్యాన్ చేర్చాను. తలుపు పెట్టక ముందు ఒక సర్వే, పెట్టాక ఒక సర్వే, రెండు సర్వేలూ సరిగ్గా జరిగాయా అని ఇంకో సర్వే. చివరికి ప్రింట్ తీసి చూస్తే తలుపు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. వ్యాన్ మాట వినగానే అక్క కళ్ళు మెరిశాయి. రాలేక ఇంట్లోనే మూగగా పడి ఉన్నవాళ్ళు ఆవిడకి చాలామంది తెలుసు.

సరిగ్గా అప్పుడు దాపురించాడు తాపీ మేస్త్రి.

అతని తల్లి కూడా ఆ బల్ల దగ్గరే మాటలు నేర్చుకుంటోంది. సన్నగా ఉంటుంది, వాకర్ పట్టుకుని ఆ తలుపులోంచి సులువుగా వెళ్ళిపోతుంది. ఆవిణ్ణి దింపడానికి వచ్చినప్పుడల్లా కిటికీ దగ్గరున్న బాబాయ్‌ని చూసేవాడు. ఓ ఆదివారం సుత్తి, ఉలి పట్టుకుని వచ్చేశాడు.

'ఓనరుతో మాట్లాడానమ్మా, సరే అన్నాడు,' అన్నాడు అక్కతో. 'ఈ ద్వారబంధం పీకేసి, పక్కన కాస్త గోడ కొడితే అయిపోతుంది. పైన లింటెల్‌కి ఢోకా లేదు. పాత తలుపు ఒకటి నా దగ్గరే పడి ఉంది. నాకేం ఇవ్వక్కర్లేదు.'

పాఠకులారా, నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను! ఎందుకంటే అంతకుముందే ఫౌండేషన్ వాళ్ళ ఆన్‌లైన్ క్లాసు విన్నాను. మంజూరు కాకముందు పని మొదలుపెడితే దరఖాస్తు మొత్తం చెల్లదు. వాళ్ళ మనిషి వచ్చి చూసేదాకా సమస్య సజీవంగా ఉండాలని ఆ నిపుణుడు తెర మీద మరీమరీ చెప్పాడు.

'ఊరికే చేస్తానంటున్నాడు కదరా,' అంది అక్క. 'ఇంక గ్రాంటెందుకు?'

'తలుపు ఊరికే వస్తుంది. వ్యాన్ వస్తుందా? థెరపిస్టు వస్తుందా? ఈ తలుపు పోయిందంటే మన కేసే పోయినట్టు.'

అక్క బాబాయ్ కేసి చూసింది. ఇంట్లో పడి ఉన్నవాళ్ళు కూడా గుర్తొచ్చి ఉంటారు. కొంగుతో మొహం తుడుచుకుని, 'ఇప్పుడొద్దులే మేస్త్రీ,' అంది.

మేస్త్రి సుత్తి భుజాన వేసుకుని, 'చదువుకున్నారు, మీకే తెలియాలి,' అన్నాడు. అది పొగడ్తగానే తీసుకున్నాను.

సమస్యని కాపాడుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆ ద్వారబంధానికి చెద పట్టింది! ఒకవైపు కింద నుంచి పొడిపొడిగా రాలిపోతోంది. ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే గ్రాంటు లేకుండానే తలుపు దానంతటదే వెడల్పయ్యే ప్రమాదం ఉంది. చెదపురుగులకి రూల్స్ ఏం తెలుస్తాయి? పరుగెత్తుకెళ్ళి మందు తెచ్చి కొట్టాను. రాలిన చోట లప్పం పెట్టాను. రెండు వైపులా ఇనుప పట్టీలు బిగించాను. ఆ ఖర్చుని 'సంస్థ సొంత వాటా' గడిలో వేస్తే ఆకుపచ్చ టిక్ కూడా వచ్చింది. ఆ వీధిలో అంత దృఢమైన ఇరుకు తలుపు ఇంకోటి లేదని గర్వంగా చెప్పగలను.

ఈలోగా వానలు మొదలయ్యాయి. నడవాలోకి జల్లు కొడుతుంటే పిన్ని బాబాయ్ మీద గొడుగు పట్టుకుని నిలబడేది. అక్క లోపల్నుంచి గొడుగు బొమ్మ చూపించేది. నెత్తి మీద ఒకటి, కళ్ళ ముందు ఒకటి ఉన్నా ఆయన నోట్లోంచి మాత్రం గొడుగు రాలేదు. మెల్లమెల్లగా ఆయన బల్ల కేసి చూడటం కూడా మానేశాడు. ఒకరోజు 'ఊఁ' అనడం కూడా పోయింది. పిన్ని ఏం అడిగినా ఒకటే జవాబు, 'కాదు'. అన్నం పెట్టనా అంటే కాదు. ఇంటికెళ్దామా అంటే కాదు. పిన్ని గోడ వైపు తిరిగి ఏడ్చింది.

నేను లాప్‌టాప్ తెరిచి ఆ వివరం చేర్చాను. మీటరు ఎర్రబడింది.

చెప్పకూడదు గానీ, నాకు సంతోషం వేసింది.

ప్రపోజల్ పంపాక, చివరికి ఫౌండేషన్ మేడమ్ తలుపు చూడటానికి వచ్చింది. మంచి మనిషి. చెప్పులు విప్పి మరీ నడవాలో బాబాయ్ పక్కన నేల మీద కూర్చుంది. ఆవిడ చేతిలో ట్యాబ్ ఉంది. నేను ఇనుప పట్టీలు బిగించిన తలుపు చూపించాను, టేపుతో కొలిచి చూపించాను. 'చాలా ఇరుకుగా ఉందండీ,' అని మెచ్చుకుంది. లోపల అక్క కిటికీ దగ్గరికి వచ్చింది. మేస్త్రి తల్లి, బల్ల దగ్గరివాళ్ళు అందరూ కూర్చున్న చోటి నుంచే ఇటు తిరిగారు. నేను గొంతు సవరించుకుని బాబాయ్ వాంగ్మూలం అందుకున్నాను.

'నా అంతరంగ ప్రాంగణంలో...'

'కాదు,' అన్నాడు బాబాయ్.

'...మూతపడిన వాక్కు అనే కవాటం...'

'కాదు!' అని కుర్చీ చేతిని చరిచాడు. మొహం ఎర్రబడింది. పెదాలు బిగుసుకున్నాయి. 'ప...' అన్నాడు. 'ప... ప...'

అక్క చువ్వలు పట్టుకుంది. 'ఆఁ బాబాయ్, ప... చెప్పు.'

బాబాయ్ నా చేతిలోని కాగితాల కేసి కాదు, ఆ తలుపు కేసి చూశాడు. బస్టాండులో మైకు నొక్కేముందు పీల్చినట్టు ఒకసారి ఊపిరి పీల్చాడు.

'పగలగొట్టు,' అన్నాడు.

లోపల బల్ల దద్దరిల్లిపోయింది. అక్క కిటికీకి తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. పిన్ని ఏడుస్తూ నవ్వింది. దాచడమెందుకు, నా కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి.

మేడమ్ కూడా కళ్ళు తుడుచుకుని ట్యాబ్ తీసింది. తీసి చాలాసేపు దాని కేసే చూస్తూ ఉండిపోయింది.

'ఏమైందండీ?' అన్నాను.

'లబ్ధిదారుడి మాట మెరుగుపడిందా అని అడుగుతోంది. ఇందులో రెండే ఉన్నాయండీ. అవును, కాదు.'

పాపం, ఆవిడ దగ్గరా రెండు మాటలే! అబద్ధం ఆడలేక 'అవును' నొక్కింది. ట్యాబ్ మీద మా సమస్య మీటరు ఎరుపు కాస్తా పచ్చబడిపోయింది.

తర్వాత మెయిల్ వచ్చింది. లబ్ధిదారుడు తలుపు లేకుండానే పురోగతి సాధిస్తున్నట్టు గమనించారట. సంతోషమట. సమస్య మళ్ళీ తీవ్రమైనప్పుడు దరఖాస్తు చేసుకోవచ్చట. అయితే మా ప్రపోజల్ రచన చాలా ఉన్నతంగా ఉందనీ, ఇతరులకి టెంప్లేటుగా వెబ్‌సైట్‌లో పెట్టుకోవడానికి అనుమతి ఇవ్వాలనీ కోరారు. ఇచ్చాను. రేపు మీలో ఎవరి పేషెంట్లయినా గుంపులుగా ఎగిరివస్తే ఆశ్చర్యపోకండి.

నేను నిరాశపడే రకం కాదు. నేరుగా బాబాయ్ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. 'బాబాయ్, వచ్చే విడత దాకా ఆ మాట మళ్ళీ అనకు. అసలేమీ అనకు. కాస్త ఓపిక పట్టు,' అని బతిమాలాను.

ఆయన నన్ను బస్సు తప్పిపోయినవాణ్ణి చూసినట్టు చూశాడు. అప్పుడే తల్లిని దింపడానికి మేస్త్రి వచ్చాడు. బాబాయ్ అతని వైపు తిరిగాడు.

'పగలగొట్టు.'

మేస్త్రి నన్ను చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. అక్కని చూశాడు.

'పెద్దాయన చెప్పింది వినపడలేదా?' అంది అక్క.

అంతే! నేను తలుపుకి అడ్డం పడి 'ఇది మన ఎవిడెన్స్!' అని అరుస్తున్నా వినలేదు. అక్కే నన్ను రెక్క పట్టుకుని పక్కకి లాగింది. గోడ తొందరగానే రాలిపోయింది. నేను బాగుచేసిన ద్వారబంధం మాత్రం మేస్త్రికి చెమటలు పట్టించింది. 'ఎవడు బిగించాడో గానీ దిట్టంగా బిగించాడు,' అని తిట్టుకున్నాడు. చేసిన పనికి గుర్తింపు అలా ఏదో ఒక రూపంలో వస్తుంది.

సాయంత్రం టీ వేళకి బాబాయ్ లోపలికి వెళ్ళాడు. ఎవరూ ఎత్తలేదు. చక్రాలు ఇటుక ముక్కల మీద ఒకసారి కుదిపి దొర్లిపోయాయి. బల్ల దగ్గర జరిగి ఆయనకి చోటిచ్చారు. ఏ సర్వే లేదు, ముందూ లేదు, వెనకా లేదు. ఆ తలుపులోంచి మనిషి లోపలికి వెళ్ళినట్టు ఏ గడిలోనూ రుజువు లేదు. ఇలాంటి దాన్ని అభివృద్ధి అని ఎలా అనగలం?

నేను బయట కిటికీ పక్కన, బాబాయ్ ఇన్నాళ్ళూ కూర్చున్న చోటే చాప వేసుకుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని పని మొదలుపెట్టాను. గోడ కొట్టడం వల్ల బోలెడు దుమ్ము లేచింది కదా. స్వచ్ఛమైన గాలి కోసం గ్రాంట్లు ఇచ్చేవాళ్ళు ఎవరో ఒకరు ఉండకపోరు. 'దుమ్ము' అని కొట్టాను. పచ్చ.

లోపల్నుంచి ఎవరో బల్ల చరిచారు. తలెత్తి చూస్తే బాబాయ్ చువ్వల్లోంచి నా వైపే చూస్తున్నాడు.

'రా,' అన్నాడు.

కొత్త మాట! బల్ల మళ్ళీ దద్దరిల్లింది. అక్క నోరు కొంగుతో మూసుకుంది.

'వస్తున్నా బాబాయ్,' అన్నాను. 'ఒక్క నిమిషం. సేవ్ అవుతోంది.'

బాబాయ్ నా మొహం కేసి చూశాడు. నా ఒళ్ళో లాప్‌టాప్ కేసి చూశాడు. మేస్త్రి ఇంకా వెళ్ళలేదు, సుత్తి పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. బాబాయ్ అతని వైపు తిరిగి ఊపిరి పీల్చుకున్నాడు.

ఈ వారం కాలమ్ చేత్తో రాసి పంపినందుకు ఎడిటర్ గారు మన్నించాలి.